షట్టర్ గాడిలో దీపం నూనె

2009 జూన్ 17, బుధవారం, మదనపల్లె. తప్పు నాదని తేలింది కనుక ఈ సాయంత్రమే రాస్తున్నాను.

మా కారు షెడ్డు షట్టర్ నెల రోజులుగా మొరాయిస్తోంది. ఈ మధ్యే డ్రైవింగ్ నేర్చుకుని, కురబలకోట బడిలో పాఠాలు చెప్పడానికి కారులో వెళ్తున్న కోడలు సుజాత మొరటుగా లాగడం వల్లేనని రోజూ దెప్పాను. ఈ ఉదయం షట్టర్ సగంలో బిగుసుకుపోయింది.

"ఇంక కారు జోలికే పోను. బస్సులోనే పోతాలే అత్తా," అని సుజాత వెళ్లిపోయింది.

ఆమె తిరిగొచ్చే వేళకు షట్టర్లు బాగుచేసే మునెప్ప గాడిలో వేలు పెట్టి చూస్తున్నాడు.

"యాల పోసినారమ్మా ఈడ ఇంత నూనె? దుమ్మంతా పట్టుకోని ముద్దయిపోయుండాది."

"తలుపు బందులకు పోసినట్టే, దీపంలో మిగిలింది రోజూ పోశానప్పా."

"హారతి గూడా ఇచ్చుంటే అదే పైకి లేసుండును గదమ్మా!"

సుజాత పకపకా నవ్వింది. మునెప్ప గాడి శుభ్రం చేశాక ఒంటిచేత్తో షట్టర్ ఎత్తేసింది. ఇలా నూనె పోసే అత్తలు మీ ఇళ్లలోనూ ఉంటే చెప్పండి, నాకు తోడు కావాలి.

ఇక జరగవలసినవి:

1. వారానికోసారి గాడిని పొడిగుడ్డతో తుడవాలి.
2. తప్పు నాదేనని సుజాతతో నేనే నోరు విప్పి చెప్పాలి. మునెప్ప చెప్పింది సరిపోదు.
3. రేపు ఆమె పక్క సీట్లో కూర్చుని బడి దాకా వెళ్లాలి. ఇంతవరకూ భయపడి ఎక్కలేదు.