చిట్టమ్మ బొటనవేలు

చిట్టమ్మ కుడి బొటనవేలి మీద గీతలు లేవు. ముప్పై ఏళ్ళు ఐసులో చెయ్యి పెట్టి, పొలుసు గీసి, ఉప్పులో చేపలు ఊరవేసిన వేలు అది. గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ డిపోలో ఆమె వంతు వచ్చిందంటే వెనక నిలబడ్డవాళ్ళు ఉసూరుమంటారు. "పడనేదు, తుడుసుకో. పడనేదు, కొంచెం నూని రాసి ఎట్టు" అని డిపోవాడు విసుక్కుంటాడు. ఎనిమిదోసారికో పదోసారికో మిషను కూస్తుంది. బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని వస్తూ చిట్టమ్మ దారిపొడుగునా ఆ వేలినే తిట్టుకునేది. తప్పు మిషనుదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. లోపం నీ ఒంట్లోనే ఉందని పేదవాళ్ళని నమ్మించడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

ఆ నమ్మకం మీదే ఒకడు నలభై వేలు కొట్టేశాడు.

చిట్టమ్మ జాలరిపేటలో పుట్టి, పక్క వీధి సూరన్ననే చేసుకుంది. తెల్లారకముందే హార్బరు, అక్కడ వేలంపాటలో ఒక గంప, ఎనిమిదింటికల్లా గోపాలపట్నం వీధులు. ఇదీ ఆమె బతుకు. సూరన్నకు పాత ఫైబర్ పడవ ఒకటుంది. దానికి ఇంజను ఆరేళ్ళ కిందట చిట్టమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి కొన్నది. ఆ ఇంజను ఉన్నంతకాలం సూరన్న పడవ ఆసామి. అది పోయిందంటే మర్నాటి నుంచి ఇంకొకడి బోటులో వల లాగే కూలీ. ఇంట్లో అంతకు మించి ఆస్తి లేదు.

వలలు బాగుచేయించడానికి చిట్టమ్మ గ్రూపులో ముప్పై వేలు తీసుకుంది. పదిమంది ఆడవాళ్ళు, లీడరు సూర్యకళ. మంగళవారం మంగళవారం ఫైనాన్సు కుర్రాడు నవీన్ వచ్చి చాప మీద కూర్చుంటాడు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళం కడతామని అందరిచేతా ప్రమాణం చదివిస్తాడు. లెక్క పూర్తయ్యేదాకా ఒక్కరినీ లేవనివ్వడు. చిట్టమ్మ ఒక్క వారం కూడా తప్పలేదు.

మార్చిలో ఒక మంగళవారం నవీన్ చిన్న మిషను ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు.

"పిన్నీ, నీ కేవైసీ గడువు అయిపోయింది. వేలెయ్యాలి."

"ఇంకా రెండు వాయిదాలే గదా బాబూ ఉన్నాయి?"

"అందుకే. లోను మూసెయ్యాలంటే ఇది చెయ్యాలి."

ఆమె వేలు పెట్టింది. పడలేదన్నాడు. తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదన్నాడు. అలా పదిహేను సార్లో ఇరవై సార్లో పెట్టింది. మధ్యలో ఆమె ఫోను కూడా తీసుకుని, "మెసేజ్ వస్తాది, నేను చూసుకుంటాలే" అన్నాడు.

"నా యేలు సంగతి నీకు తెలవదు బాబూ. డిపోలో కూడా ఇలాగే సంపుతాది. ఏటీ అనుకోకు" అంది చిట్టమ్మ.

దొంగకు ఆవిడే క్షమాపణ చెప్పుకుంది. వాడు నవ్వి, చెయ్యి తుడుచుకోమని తన రుమాలు కూడా ఇచ్చాడు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు ఇంజను పడవ సముద్రంలోకి పోకూడదు. పడవ ఒడ్డెక్కింది, ఇంజను గోనె కప్పుకుని ఇంట్లోకి వచ్చింది. చిట్టమ్మ ఎండు నెత్తళ్ళు గంపలో వేసుకుని తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే నవీన్ చల్లగా చెప్పాడు. ఆమె కట్టాల్సింది ఇంకా ఏడాదికి పైగా ఉందట. మార్చిలో కొత్తగా నలభై వేలు తీసుకుందట. పలకలాంటి ఫోనులో ఇంగ్లీషు అక్షరాలేవో చూపించాడు. ఆమెకు తెలుగు చదవడమే రాదు.

పేటలో ఒక పద్ధతి ఉంది. బాకీ ఎగ్గొట్టినవాళ్ళ గుమ్మంలో వెళ్ళి కూర్చుంటారు. కొట్టరు, తిట్టరు. గంపలతో సహా కూర్చుంటారు, అంతే. బాకీ తీరేదాకా లేవరు, ఆ ఇంట్లో పొయ్యి వెలగనివ్వరు. పూర్వం వాటా ఎగ్గొట్టిన పెద్ద ఆసాముల మీద వాడిన ఆయుధం అది. ఫైనాన్సు కంపెనీకి ఈ సంగతి తెలిసింది. వసూలుకు మనుషుల్ని పెట్టుకుంటే జీతాలివ్వాలి, ఇక్కడ పేదవాళ్ళే పేదవాళ్ళ మీద ఉచితంగా కూర్చుంటారు.

మూడు వారాలు డబ్బు పడకపోయేసరికి సూర్యకళ మిగతావాళ్ళను వెంటబెట్టుకుని చిట్టమ్మ గుమ్మంలో కూర్చుంది.

"కట్టీసి సావయే. నీ మూలాన మాకెవులికీ కొత్త లోన్లు రావంట."

"నాను తీసుకోనేదప్పా. గంగమ్మ తల్లి మీద ఒట్టు."

"తీసుకోకుండా నీ కాతాలోకి ఎవుడేత్తాడే? నీ మొగుడా, సముద్రుడా?"

అందరూ నవ్వారు. చిట్టమ్మ లోపలికి వెళ్ళి చల్లారిన పొయ్యి దగ్గర కూలబడింది. సూరన్న తల దించుకుని అన్నాడు.

"ఇంజను అమ్మేద్దుమే. మర్యాద పోయినాక ఇంజనేటికి?"

"ఇంజను పోతే నీకేటి మర్యాద మిగుల్తాదీ?"

అయినా అతను ఆగలేదు. అప్పలరాజు అనే బోటు ఆసామి నలభై అయిదు వేలకు బేరమాడి అయిదు వేలు బయానా చేతిలో పెట్టాడు. జూన్ పదో తారీకున వచ్చి ఇంజను పట్టుకుపోతానన్నాడు. నిషేధం ఎత్తేసే ముందే ఇంజను తన పడవకు తగిలించుకోవాలట.

కోర్టులో బీదాళ్ళకు ఊరికే లాయర్ని ఇస్తారని బస్సులో ఎవరో అంటే విని, చిట్టమ్మ ఒక పొద్దున్న కోర్టుకు వెళ్ళింది. గేటు బయట గొడుగు కింద బల్ల వేసుకుని ఒకాయన కూర్చున్నాడు.

"ఊరికేనే అమ్మా, ఎవరు కాదన్నారు? కానీ ఊరికే కావాలని అప్లికేషను పెట్టాలి కదా. దానికి అయిదొందలు."

ఉచిత న్యాయ సహాయం అన్న బోర్డు లోపల మేడ మీద ఉంది. అయిదొందలవాడు గేటు బయట ఉన్నాడు. చదువురానివాళ్ళకు ముందు ఎవరు కనపడతారో ఆ బోర్డు పెట్టించినవాళ్ళు ఒక్కరోజైనా గేటు బయట నిలబడి చూస్తే తెలిసేది. చిట్టమ్మ బయానా డబ్బులోంచే అయిదొందలు తీసి ఇచ్చింది. ఆయన రెండు కాగితాలు రాసి, ఇంకులో వేలు ముంచి అద్దించుకుని, సోమవారం వచ్చి కోర్టు లోపల ఇచ్చుకోమన్నాడు.

సోమవారానికి ముందే ఆ కాగితం శ్రీసత్య కంట పడింది. శ్రీసత్యది గోపాలపట్నం. ఇంటి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వారానికి రెండు రోజులు న్యాయ సేవాధికార సంస్థలో వాలంటీరుగా పనిచేస్తుంది. ఆ సంగతి చిట్టమ్మకు తెలియదు. పదేళ్ళుగా చేపలమ్ముతున్న ఇల్లు, కానీ గంప దించి ఎత్తడమే తప్ప ఇంకో మాట ఎప్పుడు మాట్లాడింది గనక?

"ఏంటి చిట్టమ్మా, నెత్తళ్ళు సగం ధరకే ఇచ్చేస్తన్నావు? పిచ్చి పట్టిందా?"

చిట్టమ్మ అంతా చెప్పింది. కొంగున కట్టిన కాగితం కూడా విప్పి చూపించింది. శ్రీసత్య మిషను ఆపి చదివింది.

"ఇందులో ఏం రాసుందో తెలుసా నీకు? 'నలభై వేలు నేనే తీసుకున్నాను, ఇల్లు గడవక వాడుకున్నాను, దయచేసి ఆరు నెలలు గడువు ఇప్పించండి' అని ఉంది."

"ఓలమ్మో! నానలా సెప్పనేదు పాపా!"

"నువ్వు చెప్పకపోయినా నీ వేలుముద్ర చెప్పేస్తంది."

అయిదు వందలు పుచ్చుకుని, చెయ్యని అప్పును ఆమె చేతే ఒప్పించాడు ఆ మహానుభావుడు. శ్రీసత్య ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, ఆడవాళ్ళకైతే ఆదాయంతో పని లేకుండా లాయర్ని ప్రభుత్వమే ఇస్తుందనీ, కాగితం నుంచి వకీలు దాకా దేనికీ రూపాయి ఇవ్వక్కర్లేదనీ చెప్పింది. తరవాత బ్యాంకు పాసుబుక్కు అడిగింది.

పాసుబుక్కు చిట్టమ్మ ఇంట్లో గంగమ్మ పటం కింద ఉంది. పేటలో అందరిదీ అక్కడే ఉంటుంది. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెడతారు. లక్ష్మి కదా, నిలవాలని. పూజ అయితే చేశారు గాని బ్యాంకుకు పట్టుకెళ్ళి ఆ పుస్తకంలో అంకెలు కొట్టించినవాళ్ళు ఒక్కరూ లేరు. పసుపు గట్టిపడి, బ్యాంకులో మిషను దాన్ని మింగలేక రెండుసార్లు బయటికి ఉమ్మేసింది. చివరికి గుమస్తా వేరే కాగితం మీద లెక్క తీసి ఇచ్చాడు.

మార్చిలో ఆ మంగళవారం ఉదయం నలభై వేలు జమ. ఆ తరవాత పన్నెండు నిమిషాల్లో నాలుగుసార్లు పదేసి వేలు ఖర్చు. అన్నీ వేలిముద్ర మీద.

"పడలేదు, పడలేదు అంటూనే నాలుగుసార్లు నీ డబ్బు తీశాడు" అంది శ్రీసత్య.

చిట్టమ్మ తన బొటనవేలి వంక చూసుకుంది. "నా యేలుకి రోగమనుకున్నాను పాపా" అంది మెల్లిగా. తరవాత ఆమె పళ్ళు కొరికిన చప్పుడు శ్రీసత్యకు వినపడింది.

సైబర్ పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. సంస్థ తరఫున కంపెనీకి కబురు వెళ్ళింది. జూన్ ఏడో తారీకున రెండు పక్షాలనూ జడ్జిగారి గదిలో కూర్చోబెట్టారు. ఉచిత లాయరమ్మ చిట్టమ్మ పక్కన కూర్చుంది. అవతల కంపెనీ మేనేజరు, ఇస్త్రీ చొక్కా. నవీన్ సెలవులో ఉన్నాడట. గ్రూపు ఆడవాళ్ళను కూడా పిలిపించారు. వాళ్ళు కోర్టు నుంచి అటే అమ్మకానికి పోవాలని ఎండుచేపల గంపలతోనే వచ్చారు.

"వేలిముద్ర ఆవిడదే సార్. మిషను అబద్ధం చెప్పదు" అన్నాడు మేనేజరు.

చిట్టమ్మ లేచి నిలబడింది.

"మిషను అబద్దం సెప్పదు బాబూ. మిషను అట్టుకున్నోడు సెప్తాడు. ఆ మంగళారం మద్దినేల బియ్యానికి డబ్బుల్లేక రెండొందలు బదులడిగాను. నలబై ఏలు కొంగున ఉన్నది రెండొందలకి సెయ్యి సాపుద్దా?"

"ఎవరిని అడిగావమ్మా?" అన్నారు జడ్జిగారు.

చిట్టమ్మ సూర్యకళ వైపు చూసింది. గదిలో అందరూ అటే చూశారు. సూర్యకళకు లక్ష రూపాయల కొత్త లోను రాబోతోంది, దాని మీద సంతకం పెట్టాల్సింది ఈ మేనేజరే. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపే ఆమెకు మండినట్టుంది.

"నానే ఇచ్చాను బాబూ. రెండొందలు. ఆ రోజే" అంది. తరవాత తన బొటనవేలు ఎత్తి చూసుకుంటూ, "నాకు కూడా ఆ రోజు మూడుసార్లు పడనేదన్నాడు. నా కాతా కూడా తీసి సూడండి" అంది.

మిగతావాళ్ళు కూడా తమ వేళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు.

విచారణ తేలేదాకా చిట్టమ్మ దగ్గర ఒక్క రూపాయి వసూలు చెయ్యకూడదనీ, ఆమె గుమ్మానికి ఎవరినీ పంపకూడదనీ కాగితం వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఇంత చిన్న కాగితం కోసం ఒక సంసారం ఇంజను అమ్ముకోవడానికి సిద్ధపడింది.

మెట్లు దిగుతూ చిట్టమ్మ లెక్కేసుకుంది. బయానా అయిదు వేలు తిరిగి ఇస్తేనే ఇంజను నిలుస్తుంది. చేతిలో నాలుగువేల అయిదొందలే ఉన్నాయి. సూర్యకళ రొంటిన చెయ్యి పెట్టి అయిదొందల నోటు తీసింది.

"నీదొద్దప్పా. నాది నాకు రావాల" అంది చిట్టమ్మ.

గేటు బయట గొడుగు కింద ఆయన ఇంకో ముసలమ్మకు అప్లికేషను రాస్తున్నాడు. చిట్టమ్మ వెళ్ళి బల్లకు ఎదురుగా నేల మీద కూర్చుని గంప ముందు పెట్టుకుంది. సూర్యకళకు అర్థమైంది. పక్కన కూర్చుంది. ఆ వెనక ఎనిమిదిమందీ కూర్చున్నారు. ఎండ మండుతోంది. గంపల మీద గుడ్డలు తీసేశారు. ఎండు సావళ్ళ వాసన గుప్పుమంది.

"ఏంటమ్మా ఇదీ? లేవండి!"

"ఏటీ నేదు బాబూ. నీ పని నువ్వు సేసుకో. మేం కూకున్నాం" అంది సూర్యకళ.

గంటలో ఒక్క మనిషి ఆ బల్ల దగ్గరికి రాలేదు. ముసలమ్మను శ్రీసత్య చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకుపోయింది. రెండో గంటకు ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని అయిదొందల నోటు బల్ల మీదికి విసిరాడు.

"సేతికివ్వు" అంది చిట్టమ్మ. ఇచ్చాడు.

పదో తారీకున అప్పలరాజు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. చిట్టమ్మ అయిదు వేలు అతని చేతిలో పెట్టింది.

"మాటంటే మాట గదే సిట్టమ్మా!"

"మాటే బావా. ఆ మాట సెప్పినప్పుడు నా పీక మీద కత్తుంది. ఇప్పుడు నేదు. లెక్కెట్టుకో."

అప్పలరాజు గొణుక్కుంటూ ఖాళీ ట్రాలీతో తిరిగిపోయాడు. నిషేధం ఎత్తేసిన నాటి పొద్దున్న సూరన్న ఇంజను తాడు లాగాడు. మూడో లాగుకు అంటుకుంది.

నలభై వేలు ఎవరి జేబులో ఉన్నాయో ఇప్పటికీ తేలలేదు. విచారణ జరుగుతోందట. నవీన్‌ను సబ్బవరం వైపు బదిలీ చేశారని తెలిసింది. దొంగను పనిలోంచి తియ్యలేదు, కొత్త వీధులకు పంపారు. కలుపు తీసి, నాట్లు వేసి అక్కడి ఆడవాళ్ళ వేళ్ళు కూడా అరిగే ఉంటాయి. చిట్టమ్మ ఇప్పుడు మంగళవారాలు గోపాలపట్నంలో ఆగడం లేదు. గంపతో సబ్బవరం దాకా పోతోంది. చేపలు అమ్ముడుపోయినా పోకపోయినా, "బేంకు బుక్కులో అంకెలు కొట్టించావేటే?" అని అడగకుండా ఒక్క గుమ్మం దాటడం లేదు.