ఎడమ పక్క లేదన్న పెద్దాయన

2022 ఏప్రిల్. ఖమ్మంలో నేను ఆడియో షాపు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. పాడైన ఆంప్లిఫయర్లు బాగుచేయడంతో మొదలుపెట్టి, ఇళ్లకు వెళ్లి హోమ్ థియేటర్లు బిగించేదాకా వచ్చాను. కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయ ఊరి నుంచి రమేశ్ అనే స్కూల్ టీచర్ ఫోన్ చేశాడు. ఇంట్లో ఆంప్లిఫయర్, రెండు పొడవాటి టవర్ స్పీకర్లు ఉన్నాయట. వాటికి మంచి సబ్‌వూఫర్ తగిలించాలన్నాడు. సబ్‌వూఫర్ అంటే అట్టడుగు శబ్దాలను మాత్రమే పలికించే పెట్టె. మామూలు స్పీకర్ గొంతు ఆగిపోయిన చోట దీని పని మొదలవుతుంది.

సబ్‌వూఫర్ అడిగేవాళ్లలో నూటికి తొంభై మందికి కావలసింది సినిమాలో బాంబు పేలితే కిటికీలు అదరడమే. రమేశ్ కూడా ఆ బాపతే అనుకున్నాను. కానీ ఆయనకు వేరే కోరిక ఉంది. వాళ్ల నాన్న జోగయ్య చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న డోలు మనిషి. పెళ్లయినా, కొత్త పంట తినే ముందు చేసే కొత్తల పండగయినా ఆయన డోలు భుజాన వేసుకుంటే తప్ప ఆట మొదలుకాదు. ఎవరో బయటి ఊరివాళ్లు వచ్చి, మంచి మైకులు పెట్టి ఆయన వాయించింది రికార్డు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి వెళ్లారు. తన డోలును ఎదురుగా కూర్చుని వినే అవకాశం ఆయనకు ఎప్పుడూ రాలేదు కాబట్టి, ఆ లోతంతా వినిపించాలని కొడుకు ఆశ.

వెళ్లేసరికి ఇంటినిండా మనుషులు. కొత్త పెట్టె వచ్చిందని ఇరుగుపొరుగు అందరూ చేరారు. జోగయ్య దగ్గర డోలు నేర్చుకుంటున్న సమ్మయ్య, ఆయన తమ్ముడి కొడుకు, పెట్టె మోయడానికి నాకు సాయం పట్టాడు. గంటలో బిగించేశాను. నిజానికి బిగించాక, మనిషి కూర్చునే చోట మీటరు పెట్టి శబ్దం కొలవాలి. ఆ మధ్యాహ్నమే ఇంకో ఇంట్లో పని ఉండడంతో కొలవలేదు. ఒక సినిమా యుద్ధం సీను పెట్టాను. అలమారాలో స్టీలు గిన్నెలు గలగలలాడాయి, జనం చప్పట్లు కొట్టారు. నాకు చెప్పలేనంత గర్వం.

తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి, జోగయ్యను మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. కాసేపు విని, తల అడ్డంగా ఊపాడు.

"ఎడమ పక్క లేదు సారూ," అన్నాడు. "దెబ్బ వినబడ్తంది. దానెనక మోత వస్తలేదు."

డోలుకు ఒక పక్క సన్నగా, ఇంకో పక్క లోతుగా పలుకుతుంది. ఆ లోతు పక్క లేదని ఆయన మాట. నేను వాల్యూమ్ పెంచాను. గోడలు అదిరాయి. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. ఇంకా పెంచాను. అయినా అంతే. జనం నా వైపు చూడడం మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడిని, ఇంత ఖరీదైన పెట్టె తెచ్చినవాడిని, నన్ను పట్టుకుని ఈయన తప్పు పడుతున్నాడేమిటని ఒళ్లు మండింది.

అప్పుడు చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనక్కి పోతుంది. నా ఫోన్‌లో టోన్ జనరేటర్ అనే యాప్ ఉంటుంది. సన్నని కూత నుంచి లావు గుమగుమ దాకా ఏ శబ్దాన్నయినా విడిగా వినిపిస్తుంది. అందులో అతి సన్నని కూత ఒకటి పెట్టి, "వినబడ్తందా పెద్దాయనా?" అని అడిగాను. ఆయన లేదన్నాడు. గదిలో అందరికీ వినబడుతోంది. అంతకంటే కొంచెం లావు కూత పెట్టాను, అదీ లేదన్నాడు. నేను జనం వైపు తిరిగి, "పెట్టెల ఏం లేదు. పెద్దాయనకు చెవులు పోయినయి. దవాఖానాల చూపియ్యుర్రి," అన్నాను. ఎవరో నవ్వారు. జోగయ్య కండువా సర్దుకుని, కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు.

వయసు మళ్లిన ఎవరికైనా ముందు తగ్గేది సన్నని శబ్దాలే. డోలు లోతు వినబడడానికీ ఆ కూతకూ సంబంధం లేదు. ఇది తెలియక చేశానంటే కొంత నయం. కానీ నాకు తెలుసు. ఆ గదిలో నెగ్గడానికి అది పనికొస్తుందని తెలిసే చేశాను.

2024లో వానాకాలం అయిపోయాక రమేశ్ మళ్లీ ఫోన్ చేశాడు. ఎలుక వైరు కొరికిందట, సబ్‌వూఫర్ పలకడం లేదు. వెళ్లాను. రమేశ్ టీ పెడతానని లోపలికి పోయాడు. హాల్లో నేనొక్కణ్నే. వైరు మార్చడానికి పెట్టెను మూలలోంచి బయటికి జరిపి వెనక్కి తిప్పితే ఫేజ్ స్విచ్ కనబడింది. ఫేజ్ అంటే స్పీకర్లూ సబ్‌వూఫరూ కలిసి ఒకే తాళంలో కదిలేలా చూసే ఏర్పాటు. అది తప్పుగా ఉంటే స్పీకర్ గాలిని ముందుకు నెట్టేటప్పుడు సబ్‌వూఫర్ వెనక్కి లాగుతుంది. రంపానికి అటొకరు ఇటొకరు నిలబడి ఇద్దరూ ఒకేసారి లాగినట్టు, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ స్విచ్ సున్నా మీద ఉండాలి. నూట ఎనభై మీద ఉంది.

మా షాపులో ఆ పెట్టెను కుర్చీల వెనక పెట్టి వినిపించేవాళ్లం. అక్కడ నూట ఎనభై సరిపోయేది. ఇక్కడికి తెచ్చినప్పుడు మార్చడం మరిచిపోయాను. బాంబుల మోత మరీ లోతుది కాబట్టి అది సబ్‌వూఫర్ ఒక్కదానిలోంచే వస్తుంది, దానికేమీ కాలేదు. డోలు ఎడమ పక్క పలికేది సరిగ్గా స్పీకర్లూ సబ్‌వూఫరూ కలిసి పలికే శబ్దాల్లో. మధ్య కుర్చీలో కూర్చున్నవాడికి అక్కడే ఖాళీ. అంత జనంలో దాన్ని పట్టుకున్నవాడు జోగయ్య ఒక్కడే.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. స్విచ్ సున్నాకు నెట్టి, కొత్త వైరు తగిలించి, పెట్టెను గోడకు జరిపేశాను. ఎవరికీ తెలియకుండా పోతుందనే చేశానని ఒప్పుకోవాలి.

రమేశ్ టీ తెచ్చాడు. పెన్‌డ్రైవ్ ఆంప్లిఫయర్‌కే ఉంటే పెట్టి చూశాను. డోలు మోగింది. ఛాతీ మీద చెయ్యి వేసి తట్టినంత దగ్గరగా, రెండు పక్కలా మోగింది. రమేశ్ మొహం వెలిగిపోయి, ఏం చేశావని అడిగాడు. సర్వీసింగ్ అన్నాను. నాన్న బాగున్నాడా అని మాట మార్చాను.

రమేశ్ చెప్పింది వింటూ టీ గ్లాసు కింద పెట్టేశాను. చెవుల డాక్టరు చూసి, వయసుకు తగ్గట్టు కాస్త తగ్గింది, భయం లేదన్నాడట. కానీ జోగయ్యకు ఆ కాస్త చాలు. ఆ ఏడు కొత్తల పండగకు డోలు ఎత్తుకోలేదు. తనకే వినబడంది ఇంకొకరికేం నేర్పుతానని సమ్మయ్యకు నేర్పడం కూడా మానేశాడు. పెళ్లిళ్లకు ఎవరైనా పిలవడానికి వస్తే, చెవిటోణ్ని నాకెందుకని పంపేసేవాడట. డోలును సమ్మయ్య ఇంటికి ఇచ్చేశాడు.

ఇంతలో గుమ్మంలో నీడ పడింది. జోగయ్య. పెరట్లో పని చేసుకుంటున్నవాడు చప్పుడు విని వచ్చాడు. వాయింపు అయ్యేదాకా తలుపు పట్టుకుని నిలబడి విన్నాడు. ఒకచోట చెయ్యి ఎత్తి, అక్కడ తన చెయ్యి జారిందని కోయలో కొడుకుతో అన్నాడు. రమేశ్ రికార్డును వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. నిజంగానే ఒక దెబ్బ ఆలస్యమైంది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు.

"ఏం జేసినవు సారూ?"

ఇంక దాచలేకపోయాను. "స్విచ్ తప్పు పెట్టిన పెద్దాయనా. ఆనాడు నువ్వు జెప్పిందే నిజం. నీ చెవులు మంచిగనే ఉన్నయి."

"గీ రెండేండ్లు గట్లనే ఉండెనా?"

"అవ్."

ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకొక్కనికి జెప్తే ఏమొస్తది," అన్నాడు. "ఆనాడు ఎందరి ముంగట అన్నవో, గందరి ముంగట చెప్పు."

రమేశ్ వెళ్లి సమ్మయ్యను, ఇంటి చుట్టుపక్కల ఉన్నవాళ్లను పిలుచుకొచ్చాడు. పదిమంది దాకా వచ్చారు. పెట్టెను మళ్లీ బయటికి జరిపి స్విచ్ చూపించాను. అటు నెట్టి ఒకసారి, ఇటు నెట్టి ఒకసారి డోలు వినిపించాను. తేడా వాళ్లకూ తెలిసింది. ఫోన్‌లో కూత పెట్టి పరీక్ష చేసింది మోసమని కూడా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. సమ్మయ్య తల దించుకుని పెద్దనాన్న పక్కన కూర్చున్నాడు. జోగయ్య తన అరచేతులను చూసుకుంటూ, వేళ్లు ముడిచి తెరుస్తూ ఉన్నాడు. రెండేళ్లు డోలు ముట్టక బిగుసుకుపోయి, మధ్యవేళ్లు రెండూ పూర్తిగా తెరుచుకోవడం లేదు.

నన్ను సాగనంపడానికి బండి దాకా వచ్చిన రమేశ్ పైసలు ఇవ్వబోతే వద్దన్నాను. ఆయన నా మొహం చూడకుండా, "మీదొక్కటే తప్పు గాదన్నా. మా నాయన మాట పక్కనబెట్టి మీ మాట నమ్మిన," అన్నాడు.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా ఎవరైనా ఏదో తగ్గిందంటే, వాల్యూమ్ జోలికి పోను. ముందు మోకాళ్ల మీద కూర్చుని పెట్టె వెనక చూస్తాను, మీటరు పెట్టి కొలుస్తాను. ఆ కూతల యాప్ ఫోన్‌లోంచి తీసేశాను. వినేవాడి చెవిని అనుమానించే ముందు నా చేతిని అనుమానించాలని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. దానికి ఒక మనిషి బతుకులో రెండేళ్లు పోయాయి. మొన్న కొత్తల పండగ అయిపోయింది. జోగయ్య డోలు ఎత్తుకున్నాడో లేదో రమేశ్‌కు ఒక్క ఫోన్ చేస్తే తెలుస్తుంది. లేదంటాడేమోనని ఇప్పటిదాకా చేయలేదు.