ఫ్లోరియన్ ఓగ్రిస్ చేసిన ట్రిగ్గర్లు

మా బావ ఫ్లోరియన్ ఓగ్రిస్ చేసిన ట్రిగ్గరును వేలితో లాగనక్కర్లేదని, మనసులో అనుకుంటే చాలునని మా ఊరు బొరొవ్లెలో చెప్పుకొనేవారు. బావకు ఆ మాట ఇష్టం. పైకి మాత్రం "ఊరికే అంటారు" అని తలవంచుకుని ఆకురాయి అందుకునేవాడు.

ద్రావా నదికి దక్షిణాన, కొండల నీడలో ఉన్న మా ఊళ్లో వేటతుపాకుల పని తెలియని ఇల్లు లేదు. ఒకరు గొట్టాలు నున్నచేస్తారు, ఒకరు వాల్‌నట్ దుంగలోంచి భుజానికి ఆనించే మడమ చెక్కుతారు, నాలాంటివాళ్లు ఉక్కు మీద దుప్పులనూ ఓక్ ఆకులనూ తొలుస్తారు. బావది లోపలి పని. ట్రిగ్గరు, దాని వెనకాల స్ప్రింగులు, ఒకదాన్నొకటి పట్టుకునే చిన్న చిన్న పళ్లు, అన్నీ ఆయన చేతిమీదే నడవాలి. మా అక్క త్రెజాను చేసుకున్న ఏడాది నుంచి ఆయన కొట్లోనే కిటికీ పక్కన నా బల్ల. ఏ పనయినా సరిగ్గా కుదిరితే పళ్లసందులోంచి ఈల వేసేవాడు. కుదరకపోతే అక్క అన్నానికి పిలిచినా పలికేవాడు కాడు.

మా తుపాకులకు రెండు ట్రిగ్గర్లుంటాయి. వెనకదాన్ని లాగితే టిక్కుమంటుంది, దానితో ముందుది ఎక్కుపెట్టినట్టు. ఇక ముందుదాన్ని తాకితే పేలుతుంది. లోయకు అవతలిగట్టున నిలబడ్డ కొండమేకను కొట్టాలంటే చెయ్యి కదలకూడదు కదా, అందుకు. కాల్చడం మానుకుంటే ఎక్కు దించి, పేలకుండా తాళం వెయ్యాలి. అది వేటగాడి పూచీ. వేట పరీక్షలో మొదట అడిగే ప్రశ్న కూడా అదే.

యుద్ధం ముగిసి పదేళ్లు దాటిన ఓ శరదృతువులో, నది అవతల కోతమిల్లులున్న లాక్నర్ గారు కొత్త తుపాకీ పట్టుకుని దుప్పుల వేటకు పైకి వెళ్లారు. లోపలి పని బావది, బయటి దుప్పి నాది. దారి చూపించడానికి మిహా ఊష్నిక్ వెంట వెళ్లాడు. మిహా ఆ కొండకి అడవి కాపరి. బావా అతనూ ఒకే బడిలో చదివారు, బావ పెళ్లిలో తోడుపెళ్లికొడుకు కూడా అతనే. నోరు తెరిస్తే ఎవరినో ఒకరిని ఏడిపించకుండా మూసేవాడు కాడు.

దుప్పి కనబడింది. లాక్నర్ గారు ఎక్కుపెట్టారు. ఈలోగా అది పొదల్లోకి జారుకుంది. ఆయన దూరదర్శిని అందుకుంటూ తుపాకీని రాతికి ఆనించారు, ఎక్కు దించడం మరిచిపోయారు. తుపాకీ జారి మడమ మీద పడింది. తూటా వాలులో కాస్త పైన నిలబడ్డ మిహా కుడి మోకాలి చిప్పను ముక్కలు చేసింది.

లాక్నర్ గారే తన కోటు చింపి కట్టుకట్టి, కొండ కిందిదాకా మోసుకొచ్చారట. పోలీసుల ముందు "తప్పు నాది, ఎక్కు దించలేదు" అని ఆయనే చెప్పుకున్నారు. శిక్ష పడింది, మాట్లాడకుండా అనుభవించారు. తుపాకీ పరీక్షశాల ముద్ర సవ్యంగా ఉంది, గొట్టం గట్టిది, ఎక్కడా పగులు లేదు. చేసినవాడి పేరు ఎవరూ ఎత్తలేదు.

బావ మాత్రం ఈల వెయ్యడం మానేశాడు.

ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక, అమ్మకానికి సిద్ధంగా గోడకు వేలాడుతున్న తుపాకులన్నీ తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఓక్ పలక ఒకటి నేల మీద వేశాడు. గుండూ మందూ లేని ఉత్త గుల్లలు, మండే మూత మాత్రం ఉన్నవి, తుపాకుల్లో పెట్టాడు. ఒక్కొక్కదాన్నీ ఎక్కుపెట్టి, మోకాలెత్తు నుంచి మడమ మీద పడేటట్టు వదిలాడు. మొదటిది ఊరుకుంది. రెండోది టప్పుమంది. కోళ్లు చెదిరిపోయాయి. అన్నీ అయ్యేసరికి సగానికి సగం పేలాయి.

అక్క తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. ఎక్కుపెట్టిన తుపాకీని ఎవరు పడెయ్యమన్నారని అడిగింది. పడెయ్యకూడదని అందరికీ తెలుసుగా అంది.

"తెలుసు. అయినా చేతిలోంచి జారుతుంది త్రెజా. జారడం మనిషన్నవాడికి సహజం. జారితే పేలేటట్టు చేసింది ఎవరు?"

అక్క కోళ్లను అదిలించి గూట్లోకి తోలింది.

ఆ సాయంత్రం బావ నన్ను వెంటబెట్టుకుని మిహా ఇంటికి వెళ్లాడు. మిహా కాలు బల్ల మీదికి చాపుకుని కూర్చున్నాడు, పక్కన ఆపిల్ సారా కూజా. బావ టోపీ చేత్తో పట్టుకుని, పెరట్లో జరిగినదంతా చెప్పాడు. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

మిహా కూజా పక్కకు జరిపాడు. "చెప్పేసి తేలికపడదామని వచ్చావా?" అన్నాడు.

"కాదు."

"మంచిది. ఎందుకంటే నేను నిన్ను తేలికపడనివ్వను. నా మోకాలు ఎట్లాగూ రాదు. అలాంటివి ఇంకెన్ని తిరుగుతున్నాయిరా కొండల్లో?"

లెక్క బావ దగ్గర లేదు. మిహాకు మాత్రం ఎవరి భుజాన ఏ తుపాకీ ఉందో, ఎవరు ఏ కొండచరియలో తిరుగుతారో నోటికి వచ్చు. అడవి కాపరికి అది మామూలే. కాస్త కర్రపోటు మీద నడవగలిగిన రోజు నుంచీ, కొట్టంలోని బండికి గుర్రాన్ని కట్టించి బావను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. నేనూ కొన్నిసార్లు వెళ్లాను. మిహా బండి దిగకుండానే మాట కలిపేవాడు. "వీడి తుపాకీ నా కాలు తినేసింది. మీది ఇచ్చేస్తే బాగుచేసి తెచ్చిస్తాడు. ఇవ్వకపోతే నేను దిగి మీ ఇంట్లో భోంచేస్తాను" అనేవాడు. చాలామంది నవ్వి ఇచ్చేసేవారు. కొందరు బావ మొహం చూసి, నవ్వకుండా ఇచ్చారు.

పైన జెలూయె ఊరి దారిలో ఉండే గ్రెగొర్ ప్లాట్నిక్ ఇవ్వలేదు. తన తుపాకీ చలిలో, వానలో, గుర్రం మీంచి కిందపడ్డప్పుడూ ఒక్కనాడూ మాట తప్పలేదని, దాన్ని విప్పితే పాత పట్టు మళ్లీ రాదని వాదించాడు. మిహా పంతానికి పోయి, ఇక్కడే పడేసి చూద్దాం రమ్మన్నాడు. గ్రెగొర్ పశువుల కొట్టం ముందు పలక వేయించాడు. బావ ఉత్త గుల్ల పెట్టి, ఎక్కుపెట్టి వదిలాడు. అది పేలలేదు. ఇంకోసారి వదిలాడు. అప్పుడూ పేలలేదు. గ్రెగొర్ చేతులు కట్టుకుని మాకేసి చూశాడు.

"ఇవాళ ఆగింది గ్రెగొర్. పళ్లు అరిగేకొద్దీ ఆగుతుందో లేదో నేను చెప్పలేను. నాదే పని, నేనే చెప్పలేకపోతున్నాను" అన్నాడు బావ.

"చెప్పలేనివాడివి నా దగ్గరికి ఎందుకొచ్చావు మరి" అన్నాడు గ్రెగొర్. అయినా కడుపునిండా అన్నం పెట్టాడు. జున్నూ పుదీనా కూరిన కుడుములు, పైన కాచిన వెన్న. తుపాకీని మాత్రం మళ్లీ కొయ్యకు తగిలించేశాడు. దారిలో మిహా కుడుముల్ని మెచ్చుకున్నాడు, గ్రెగొర్‌ను తిట్టాడు. 

చలికాలమంతా కొట్లో ఇదే పని. బరువైన ట్రిగ్గరు పెట్టేస్తే గొడవ వదిలిపోతుందని నేనన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు. లాగడానికి బలం పట్టే ట్రిగ్గరు గురిని చెడగొడుతుంది, కొండమేక పొట్టలో గుండుతో రెండు రోజులు రాళ్ల మధ్య ఈడ్చుకుంటూ తిరుగుతుంది, అదీ మన పూచీయే అన్నాడు. తేలిగ్గా ఉండాలి, దెబ్బకు కదలకూడదు. ట్రిగ్గరు కిందిముక్కను అరగదీసి బరువు తగ్గించాడు, అదురుకు అది ఊగకుండా. పళ్ల పట్టు లోతు చేశాడు. ఉక్కుకు కాక ఎక్కువై ఒకసారి పళ్లు పెళుసుగా విరిగాయి, ఇంకోసారి మెత్తబడి అరిగాయి. కొలిమి దగ్గర ఆయన మాట్లాడే మాటలు అక్క వినకుండా తలుపేసేవాణ్ని.

ఈలోగా బేరాలు తగ్గాయి. తయారైన తుపాకుల్ని బయటికి పంపనివాడి దగ్గర ఎవరు కొంటారు? అక్క పక్కవీధి రొట్టెల కొట్లో పనికి కుదురుకుంది. పొద్దున్నే వెళ్లి పిండి దుమ్ముతో వచ్చేది. ఒకరోజు మాత్రం, "నీ పళ్లు కుదిరేలోపు నా పళ్లు ఊడిపోతాయి" అంది. బావ ఆ రోజు ఆకురాయి కింద పెట్టి వంట తానే చేశాడు. మేం ముగ్గురం ఆ వంట తిన్నాం, అదీ ఆవిడ కోపం కంటే మేలు కాదు.

మంచు కరిగే వేళకు ఒకటి నిలబడింది. పలక మీద ఎన్నిసార్లు వదిలినా పేలలేదు. వేలు పెడితే మునుపటికంటే కాస్త, చాలా కాస్త, బరువు తెలుస్తుంది. బావ దాన్ని తీసుకెళ్లి, ఉత్త గుల్లతో ఎక్కుపెట్టి మిహా ఒళ్లో ఉంచాడు. మిహా పక్కనున్న కొయ్యసుత్తి తీసి తుపాకీ మడమ మీద ఒకటిచ్చాడు. తర్వాత పక్కవాటుగా ఒకటి, గొట్టం కింద ఒకటి. బావ కళ్లు మూసుకోవడం నేను చూశాను. అది ఊరుకుంది.

"కొండ మీద తుపాకీ మడమ మీదే పడుతుందని నీకెవరు చెప్పారు? అన్ని వైపులా కొట్టాలి" అన్నాడు మిహా.

అడవి ఉద్యోగం ఎట్లాగూ పోయింది గనక, ఆ వేసవి నుంచీ మిహా మా కొట్లోనే ఒక కుర్చీ వేసుకున్నాడు. ఏ తుపాకీ అయినా అతను సుత్తితో వాయించి సరేనంటేనే గుమ్మం దాటాలి. ఒక్కదానికి ఆమోదం చెప్పడానికి పూట పట్టేది. ఆ తుపాకీ చేసినవాణ్ని ఆ పూటంతా వెక్కిరించేవాడు. పని చేసేది బావ, చెక్కడం నాది కాబట్టి ఇద్దరికీ వాటా ఉండేది. పెళ్లి చేసుకోబోయే ఒక యువరైతుకు ఇస్తామన్న తుపాకీని పక్కదెబ్బకు పేలిందని మిహా ఆపేసినప్పుడు, బావకూ అతనికీ మాటలు ఆగిపోయాయి. నేనే మధ్యవర్తిని. "ఆ ఆకురాయి పురుగును అడుగు, స్ప్రింగు మార్చాడా" అని మిహా అంటే, "మార్చానని ఆ కర్రకాలుకు చెప్పు" అని బావ. వాళ్లిద్దరి మధ్య నా పీకలమీదికొచ్చింది. ఆ పెళ్లికొడుకు మాత్రం అరువుతెచ్చిన తుపాకీ పట్టుకుని ఆ సీజను గడిపాడు.

లాక్నర్ గారు మరుసటేడు వచ్చారు. మిహాను చూసి టోపీ తీశారు, ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన కొత్త తుపాకీ తీసి గోడ మీది దీపానికి గురిపెట్టి ట్రిగ్గరు చూశారు. "ఇది మునుపటిలా లేదు, నా చేతికి అలవాటైనట్టు చేసివ్వండి, ఇక జీవితంలో ఎక్కు దించడం మరవను" అన్నారు. అది నిజమే అయ్యుంటుంది. బావ తల వంచుకుని ఆకురాయి వైపు చూశాడు గానీ ఈసారి ఇష్టంతో కాదు.

"మీరు మరవరండీ. తుపాకీ మీ తర్వాత ఇంకొకరి చేతికెళ్తుంది. వాళ్లను నేను చూడలేదు" అన్నాడు.

లాక్నర్ గారు వేరేచోట చేయించుకున్నారు. అయినా ప్రతి క్రిస్మసుకూ మిహాకు చెరువు చేపల బుట్ట పంపేవారు. మిహా సగం మా అక్కకిచ్చేవాడు.

గ్రెగొర్ ప్లాట్నిక్ రెండు శీతాకాలాలు గడిచాక ఒక గురువారం కొండ దిగి వచ్చాడు, తుపాకీ గుడ్డలో చుట్టుకుని. కూతురు లీజా వేట పరీక్ష నెగ్గిందనీ, తుపాకీ తనకిమ్మని అడుగుతోందనీ చెప్పాడు.  బావ లోపలి పళ్లు విప్పిచూస్తే ఒక అంచు వెంట్రుకంత మిగిలి ఉంది. గ్రెగొర్ దాన్ని గోరుతో తడిమి, కుర్చీ ఉందా అని అడిగి కూర్చున్నాడు. మిహా అతనికి సారా పోసిచ్చాడు, ఏమీ వెక్కిరించకుండా. కొత్త పళ్లు పట్టించి సుత్తి దెబ్బలన్నీ అయ్యేదాకా ఆ రోజంతా గ్రెగొర్ అక్కడే ఉన్నాడు.

బావ డెబ్బయి దాటేదాకా పనిచేశాడు. ఎక్కువ తుపాకులు చెయ్యలేదు. పెద్ద పేరూ రాలేదు, బొరొవ్లెలో ఆయనకంటే తేలిక ట్రిగ్గర్లు చేసేవాళ్లు తర్వాత చాలామంది వచ్చారు. ఆయన పోయినప్పుడు మిహా శవపేటిక వెనక కర్రపోటు వేసుకుంటూ చర్చి మెట్టదాకా నడిచాడు, బండి ఎక్కమంటే ఎక్కలేదు. ఆ తర్వాత ఏడాదికి అతనూ పోయాడు. ఇప్పుడు కొట్టు బావ మేనల్లుడు నడుపుతున్నాడు, సుత్తి పని నాకొచ్చింది. నా దెబ్బ మెత్తగా ఉంటుందని, మిహా అయితే ఇంకో రెండు వేసేవాడని మా అక్క వంటింట్లోంచి అంటూ ఉంటుంది. అందుకని నేను ఇంకో రెండు వేస్తాను.