సిస్టరమ్మను అన్‌ఫిట్ చేయబోయిన రోజు

పోయిన సోమవారం స్కూల్లో ప్రేయర్ ఇంకా పూర్తి కాలేదు, మా ఆయన ఫోన్ చేశాడు. "సిస్టరమ్మ ఇగ లేదు. నువ్వు జల్ది రా" అన్నాడు. పొద్దున్నే లేచి, బట్టలు ఉతికి దండెం మీద ఆరేసి, వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుందట. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ పలకరిస్తే పలకలేదట. నేను పిల్లల వరుసల మధ్య నిలబడి, "మరి ఆరేసిన బట్టలు తీసిండ్రా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. "ఇప్పుడు బట్టలేందే?" అన్నాడాయన. ఫోన్ పెట్టేసి సెలవు చీటీ రాయడానికి పోయాను.

ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నా ముందు ఏది చెప్పాలో తెలియడం లేదు. ఆమె గురించి నాకు తెలిసినవి చాలా ఉన్నాయి, అర్థమైనవి తక్కువ. ఏళ్ల తరబడి ఒకే గోడకు అటూ ఇటూ బతికాం. ఆమె ఏ పూట ఏ కూర వండిందో వాసనను బట్టి చెప్పగలను. కానీ ఒకసారి ఆమె చేసిన పని ఒకటి ఉంది. అది తెలిసి చేసిందా, తెలియక చేసిందా అన్నది ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను. మీకు చెబితే మీరైనా తేలుస్తారేమోనని ఒక ఆశ.

మా సిస్టరమ్మ బొగ్గుగని దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. గోదావరిఖనిలో మా గల్లీలోనే చిన్న ఇల్లు కట్టుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఒక తమ్ముడు రామగిరి అవతల ఉంటాడు, క్రిస్మస్‌కు వచ్చి పోతాడు. గల్లీలో చిన్నాపెద్దా అందరికీ ఆమె సిస్టరమ్మే. ఏ పని మొదలుపెట్టినా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. చర్చికి పోయేముందు, బియ్యం ఏరేముందు, ఆఖరుకు నాతో కొట్లాటకు వచ్చేముందు కూడా. ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ గల్లీలో ఆడుకునే పిల్లల్ని పట్టుకొని గోళ్లు కత్తిరించేది. ఆమె తెల్లచీర మూల మీద కనబడగానే వాళ్లు ఎక్కడివాళ్లక్కడ పరుగు పెట్టేవాళ్లు.

ఒంట్లో బాగాలేదని ఎవరు వచ్చినా ఆమెది ఒకటే మాట. "నొప్పి ఏడున్నదో వేలు పెట్టి చూపియ్యి. కథ తర్వాత చెప్దువు." మేమేమో కథే ముందు చెప్పేవాళ్లం. నొప్పి ఎట్లా వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది, అప్పుడు అత్తగారు ఏమంది, ఇవన్నీ చెబితే గాని మాకు తృప్తి ఉండదు.

రిటైరైన కొన్నాళ్లకు మలావి పోతున్నానని చెప్పింది. ఆఫ్రికాలో ఉందట ఆ దేశం. అక్కడి పల్లెల్లో కాన్పులు చేసే నర్సులు తక్కువని, ఒక సేవా సంస్థ తనలాంటివాళ్లను పంపుతోందని అంది. మా వైపు నుంచి దేశం దాటి పోవడమంటే దుబాయికే. కాబట్టి గల్లీ అడిగిన మొదటి ప్రశ్న జీతమెంత అని.

"జీతం లేదు. ఉండటానికి ఇల్లు, తిండి, చేతి ఖర్చులకు కొన్ని పైసలు. గంతే" అంది.

మా గల్లీలో యూనియన్ కాక ఒకాయన ఉన్నాడు. గనిలో ఉన్నన్నాళ్లూ కార్మికుల తరఫున కొట్లాడాడు. రిటైరయ్యాక ఎవరి తరఫున కొట్లాడాలో తెలియక మా అందరి తరఫునా కొట్లాడుతుంటాడు. ఆయన నొసలు ముడిచి, "సరే, జీతం లేదు. మరి మేనేజుమెంటు ఎవలు?" అన్నాడు.

"మేనేజుమెంటు ఉండదన్నా. మనమే ఇష్టపడి పోతం."

"మేనేజుమెంటు లేకుంట పనెట్ల నడుస్తది? రేపు నీకేమన్న దెబ్బ తాకితే మేము ఎవల గేటు ముంగట కూసోవాలె?"

ఆమె నవ్వింది. మేమూ నవ్వాం. కానీ నిజం చెప్పాలంటే కాకకు వచ్చిన అనుమానమే మా అందరిదీ. మాకు నీళ్లు, కరెంటు, దవాఖాన, బడి అన్నీ గని నుంచే వచ్చాయి. దెబ్బ తగిలితే అది డ్యూటీలో తగిలిందా, బయట తగిలిందా అన్నదే మాకు తెలిసిన మొదటి లెక్క. ఎవరి కిందా లేకుండా పనిచేసే మనిషిని మేం అంతకుముందు చూడలేదు.

అక్కడ రెండో వానాకాలంలో దెబ్బ తగిలింది. ఏదో పల్లెలో కాన్పు ఉందని పోతుంటే ఎర్రమట్టిలో బండి జారి బోల్తా పడింది. తుంటి ఎముక విరిగింది. అక్కడే ఆపరేషన్ చేసి, స్క్రూలు వేసి, విమానంలో పడుకోబెట్టి పంపారు. ఆ ఖర్చంతా సంస్థ చేయించిన ఇన్సూరెన్సు పెట్టుకుంది. ఇల్లు చేరాక ఆమె నాతో అన్న మొదటి మాట, "వాళ్లు గూడ మక్కలే తింటరు బిడ్డా. మన గటుక లెక్కనే, జర గట్టిగుంటది." కాలు సంగతి అడిగితే "గది సరైతది" అని, మళ్లీ ఆ మొక్కజొన్న సంకటి దగ్గరికే వచ్చింది.

కానీ సరి కాలేదు. కొన్ని నెలలకు నొప్పి ఎక్కువైంది. వాకర్ పట్టుకొని నాలుగడుగులు వేస్తే చెమటలు పట్టేవి. కరీంనగర్‌లో డాక్టరు చూసి, విరిగిన చోట ఎముకకు రక్తం అందక అది పాడైపోతోందన్నాడు. కీలు మొత్తం తీసి ఉక్కు కీలు వేయాలి, లేకపోతే ఇక మంచమే అన్నాడు. అది ఆమె పింఛనుతో అయ్యే పని కాదు. మేమంతా తలా ఇంత వేసుకున్నా అయ్యేది కాదు. సంస్థ చేయిస్తే సిస్టరమ్మ నడుస్తుంది, చేయించకపోతే లేదు. విషయం అక్కడికి వచ్చి ఆగింది.

టీచర్ని కాబట్టి ఇంగ్లీషు ఉత్తరాలు చదివి చెప్పే పని నా మీద పడింది. సంస్థ చిన్నాఫీసు హైదరాబాద్‌లో, పెద్దాఫీసు ఇంకో దేశంలో, ఇన్సూరెన్సు వేరే దేశంలో, దెబ్బ తగిలింది మరో దేశంలో. మీరు మా ఉద్యోగి కాదు, వాలంటీరు అని ఒకరు రాస్తారు. వాలంటీరు కాబట్టే మీకు రక్షణ ఉంది అని ఇంకొకరు రాస్తారు. వైద్యం వేరట, పరిహారం వేరట. పరిహారం జీతాన్ని బట్టి లెక్కగడతారట. జీతమే లేని మనిషికి ఎట్లా లెక్కగడతారో మాత్రం నాకు అంతుపట్టలేదు. ఒకసారి చదివి, మళ్లీ చదివి, ఆ తర్వాత గొంతు పెంచి చదివేదాన్ని. అర్థం కాకపోతే గొంతు పెంచడం బడిలో అలవాటైంది. సిస్టరమ్మ కళ్లు మూసుకొని అంతా విని, "చాయ్ తాగు బిడ్డా, గొంతెండుతది" అనేది.

చివరికి హైదరాబాద్ ఆఫీసు నుంచి ఒక సారు స్వయంగా వచ్చి చూస్తాడని కబురొచ్చింది. అవి రాష్ట్రం కోసం సమ్మెలు నడుస్తున్న రోజులు. గనులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. గల్లీలో మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. ఇక సలహాలకు కొదవేముంది?

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. గనిలో పనిచేసే మనిషికి ఒంట్లో సత్తువ పోతే డాక్టర్ల బోర్డు ముందుకు పోతాడు. ఇతను ఇక పనికి రాడని బోర్డు తేలిస్తే 'అన్‌ఫిట్' అయినట్టు. అప్పుడు ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చే ఆశ ఉంటుంది. ఆ ఒక్క మాట మీద ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. అందుకే ఎవరైనా బోర్డుకు పోతున్నారంటే గల్లీ అంతా పోగవుతుంది. గడ్డం గీసుకోకు, మెట్ల మీద ఆగి ఆగి ఎక్కు, అడిగినదానికి మెల్లగా జవాబు చెప్పు అని తలా ఒకటి నేర్పుతారు. అన్‌ఫిట్ అంటే బయట ఎవరికైనా బాధ కలుగుతుంది. మా దగ్గర ఆ కబురుకు స్వీట్లు పంచుతారు.

ఆ లెక్కన సిస్టరమ్మను కూడా అన్‌ఫిట్ చేయాలని నిశ్చయమైంది. మా ఆయన, కాక కలిసి మంచాన్ని ముందు గదిలోకి తెచ్చారు. కాలి కింద దిండ్లు పేర్చారు. వాకర్ కనబడితే నడుస్తుందనుకుంటాడని దాన్ని తీసుకుపోయి మా ఇంట్లో దాచారు. నేను ఆమె తల దువ్వబోతే కాక కోప్పడ్డాడు.

"దువ్వకు! మంచిగ కనబడ్తది."

"గట్లనే పండుకో సిస్టరమ్మా. సారు ఏమడిగినా లేవస్తలేదను. గంతే" అన్నాడు మా ఆయన.

"మంచాల మీదున్నోళ్లను లేపుడే నా డ్యూటీ ఉండె గిన్నేండ్లు. ఇప్పుడు నన్నే పండవెడ్తున్నరా?" అంది ఆమె. నవ్వుతూనే అంది. అయినా మా మాట విని పడుకుంది.

సారు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఎట్లాగో బసంత్‌నగర్ దాకా చేరి, అక్కడ దొరికిన సిమెంటు లారీ ఎక్కాడట. తల, కనుబొమలు, చొక్కా అన్నీ బూడిదరంగు. గుమ్మంలో నిలబడి ఆగకుండా తుమ్మాడు. ఎండకు వాడిపోయి మా పేషెంటు కంటే అధ్వానంగా ఉన్నాడు. కాక ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాడు.

అంతలో సిస్టరమ్మ లేచింది. దిండ్లు పక్కకు నెట్టి, మంచం పట్టె పట్టుకొని నిలబడి, గోడ ఆసరాతో వంటింట్లోకి నడిచింది. అడుగడుక్కీ పెదవి కొరుక్కుంటోంది. మా ఆయన నా వైపు చూశాడు, నేను కాక వైపు చూశాను. లోపల చేతులు కడుక్కుంటున్న చప్పుడైంది, ఆ తర్వాత స్టవ్ వెలిగించిన చప్పుడు. నేను వెనకే పరుగెత్తి, "చాయ్ నేను పెడ్త గద సిస్టరమ్మా! నువ్వు నడుస్తే ఎట్ల?" అని గుసగుసగా కసిరాను.

"ఆయిన మీద దుమ్ము చూసినవా? ముందుగాల గ్లాసెడు నీళ్లియ్యిపో" అంది.

నాకు ఏడుపొచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాను.

చాయ్ తాగాక సారు ఆమెను చాలాసేపు ప్రశ్నలడిగాడు. నొప్పి ఎక్కడంటే వేలు పెట్టి చూపించింది. ఎంత దూరం నడవగలరంటే "గోడ ఉన్నంత దూరం" అంది. చివరికి, "మీకేం కావాలమ్మా?" అన్నాడాయన. కాక ముందుకు వంగి, పరిహారం అను, పరిహారం అను అని పెదవులతో చెబుతున్నాడు.

"మళ్ల పోవాలె" అంది సిస్టరమ్మ.

"ఎక్కడికి?"

"మలావికే. ఇద్దరు నర్సు పిల్లలకు కాన్పులు చేసుడు నేర్పుతుంటి. సగంల ఇడిసిపెట్టి వచ్చిన."

కాక పెదవులు కదపడం మానేసి వెనక్కి జరిగాడు. ఆమె కాలు పాడైంది అక్కడే కదా. ఇన్నాళ్లూ అన్నం వండిపెట్టి, లేపి, కూర్చోబెట్టింది మేము కదా. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను.

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. చదువుతూ చదువుతూ నేను మధ్యలో ఆగిపోయాను. వాళ్ల నియమం మా నియమానికి పూర్తిగా తలకిందులు. మనిషి నయమై తిరిగి సేవకు పోగలదన్న ఆశ ఉన్నంతవరకే వైద్యం చేయిస్తారు. ఇక లేవలేదని తేలితే, ఆ చేతి ఖర్చుల పైసల మీద లెక్కగట్టి ఇంత ఇచ్చి ఫైలు మూసేస్తారు. అంటే ఆ రోజు ఆమె మేం నేర్పినట్టు పడుకొనే ఉంటే ఆపరేషన్ ఉండేది కాదు. మేమే ఆమెను జీవితాంతం మంచాన పడేసి ఉండేవాళ్లం.

కాకకు చెబితే ఎంతకీ నమ్మలేదు. "నడిస్తేనే దవా చేస్తరా? గిదెక్కడి న్యాయమే?" అన్నాడు. మర్నాటికల్లా, మనం గట్టిగ నిలబడ్డం కాబట్టే ఒప్పుకున్నరని గల్లీ అంతా చెప్పుకుంటూ తిరిగాడు.

నేను తేల్చుకోలేనిది ఇదే. ఆ ఉత్తరాలన్నీ ఆమెకు చదివి వినిపించింది నేనే. నాకు అర్థం కానిది కళ్లు మూసుకొని విన్న ఆమెకు అర్థమైందా? తెలిసే లేచిందా? లేక ఇంటికి వచ్చిన మనిషి దుమ్ముకొట్టుకొని ఉన్నాడని లేచిందా? ఆపరేషన్ అయ్యాక కరీంనగర్ దవాఖానలో ఒకసారి సూటిగా అడిగాను.

"నీ చాయ్‌ల చక్కెర ఎక్కువుంటది బిడ్డా. పరాయి మనిషికి గట్ల ఇస్తమా?" అంది. మళ్లీ అడిగితే నిద్ర వస్తోందంది.

నడిచింది. మొదట కర్రతో, తర్వాత కర్ర లేకుండా. నడక కుదిరిందో లేదో, మలావి పంపమని సంస్థకు నాతోనే రాయించింది. జవాబు మర్యాదగా వచ్చింది. కీలు మార్చిన మనిషికి ఇన్సూరెన్సు వాళ్లు మళ్లీ రక్షణ ఇవ్వరట, రక్షణ లేని మనిషిని సంస్థ పంపలేదట. ఈసారి నేను గొంతు పెంచలేదు. తిరిగి పోగలదనే కదా బాగు చేయించారు? బాగు చేయించుకున్నందుకే పోకూడదా? దీన్ని ఆమెకు ఎట్లా వివరించాలో తెలియక ఉత్తరాన్ని మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాను.

"మంచిగ చేసి ఇంట్ల కూసోవెడ్తే ఏం లాభం బిడ్డా?" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదొక్కసారే. ఆమె ఇక మా గల్లీలోనే ఉండిపోతుందని నాకు లోపల సంతోషంగా ఉంది. ఆ ముఖం ముందు ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియక లేచి వంటింట్లోకి పోయాను.

తర్వాత కమాన్‌పూర్ వైపు పల్లెలకు ఆటోలో పోయి బాలింతల్ని చూసి వచ్చేది. కూరగాయలామె చిల్లర ఇస్తే "జికోమో" అనేది. అక్కడివాళ్లు మేలు చేసినవాళ్లకు చెప్పే మాటట. "ఈ అవ్వ నన్ను తిడ్తున్నదా?" అని ఆ కూరగాయలామె నన్ను అడిగేది.

మంగళవారం సిస్టరమ్మను మట్టిలో పెట్టాం. తమ్ముడు వచ్చాడు. పాస్టరు ప్రార్థన చేశాక చర్చి వాళ్లు పాట అందుకున్నారు. ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేస్తున్నాం. కాక వంతు వచ్చింది. మట్టి చేతిలోకి తీసుకొని, నా దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, లోపల గా ఉక్కు కీలున్నది గద. అది వాళ్లు ఏపిచ్చిందే గద. వాపస్ ఇయ్యాల్నా?"

పరాచికం కాదు. గనిలో ఆఖరి రోజున టోపీ, బెల్టు, తలకు పెట్టుకునే దీపం అన్నీ అప్పజెప్పి వచ్చిన మనిషి. పని ముగిస్తే ఇచ్చినవి తిరిగి ఇవ్వాలనే ఆయనకు తెలుసు. నేను కూడా ఆ ఉత్తరాలన్నీ ఒకసారి మనసులో తిరగేశాను. దాని గురించి ఎక్కడా రాసి ఉన్నట్టు లేదు.

"ఎవరూ అడగరు కాకా. అది ఆమెదే" అన్నాను.

"ఆమెదేనా?"

"ఆమెదే."

తల ఊపాడు. కానీ గుంట అంచున నిలబడి కిందికి చూస్తూనే ఉన్నాడు. పాట అయిపోయింది. వెనక జనం వరుసలో ఆగిపోయారు. పిడికిట్లోని మట్టి వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెంగా ఆయన పాదాల మీద రాలుతోంది. కాక మాత్రం చెయ్యి తెరవలేదు.