సేనాపతికి చేసే మర్యాద

మామగారు మంచివారే. చిక్కల్లా ఒక్కటే. లోకంలో ఏ సమస్య వచ్చినా ఆయన సేనాపతిని పెంచిన పద్ధతిలోనే తీర్చాలని చూస్తారు.

సేనాపతి అంటే కుక్క. గుప్పెడు బొచ్చు, రెండు కళ్ళు, ఊరంత గొంతు. పోస్టుమాన్ చెప్పు కంటే కాస్త పెద్దగా ఉంటాడేమో, ఆ పోస్టుమాన్‌నే వీధి చివరిదాకా తరిమిన ఘనుడు. సోఫా మీంచి దూకితే సుకుమారమైన మోకాళ్ళు బెణుకుతాయని ఇంట్లో ఎక్కడ చూసినా నేల మీద దిండ్లే. కొత్త కోడలు కాపురానికి వచ్చిన రోజే ఒక దిండు తన్నుకుని రెండో దిండు మీద పడింది.

"పర్వాలేదమ్మా, అవి అందుకే ఉన్నాయి" అన్నారు మామగారు, గోడ వైపు చూస్తూ.

కోడలి బాధంతా ఆ గోడతోనే. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళలోకి తొంగిచూసే మనిషి ఈమె ముఖం మాత్రం చూడరు. ఆమె హాల్లోకి వస్తే పక్కకి తిరిగి, నొప్పెట్టే మోకాళ్ళు పట్టుకుని మరీ నేల మీద చతికిలబడతారు. టీ కప్పూ రెండు బిస్కెట్లూ ఆమె గది గుమ్మంలో పెట్టి చల్లగా జారుకుంటారు. అన్నిటికంటే ఘోరం, ఆమె నోరు విప్పితే చాలు, తీరిగ్గా ఆవలిస్తారు.

సేనాపతితో అయితే కబుర్లే కబుర్లు. "ఏం నాయనా, పళ్ళు తోమమంటావా? ముందు చెవులు దువ్వమంటావా? చలిగా ఉంది, స్వెట్టరు వేసుకో బాబూ!"

పక్కింటావిడ తన పాప అన్నం తినడం లేదని వాపోతే ఈయన వెంటనే వైద్యం చెప్పారు. "గిన్నె పెట్టి పావుగంట చూడండి. తినకపోతే తీసేయండి. అస్సలు మాట్లాడకండి. మావాడు అలాగే దారికొచ్చాడు." ఆవిడ ఆ రోజునుంచే మాట్లాడటం మానేసింది, ఈయనతో.

కోడలు ఓపిక పట్టింది, పట్టింది, చివరికి మొగుడితో తేల్చి చెప్పింది. "మీ నాన్నగారికి నేనంటే గిట్టదు. వేరే ఇల్లు చూడు." అతను ఇద్దరి మధ్యా నలిగి, ఒక ఇల్లు వెతికి, ఆదివారం వెళ్ళి చూద్దామన్నాడు.

ఆదివారం అతను స్నానానికి వెళ్ళగానే, చెప్పకుండా వెళ్ళడం బాగుండదని ఆమె మామగారి దగ్గరికి వచ్చింది.

"మామయ్యగారూ, మీతో ఒక మాట..."

ఆయన నోరంతా తెరిచి ఆవలించారు. అంతే, ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నేను మాట్లాడితే అంత నిద్రొస్తుందా? ముఖం చూడరు, పలకరించరు, టీ పెట్టి పారిపోతారు! నేనేం పాపం చేశానని?"

మామగారు బిత్తరపోయారు. "అయ్యో తల్లీ, నిద్ర కాదు! మనం ఆవలిస్తే, మనవల్ల భయం లేదని ఎదుటివాళ్ళకి ధైర్యం వస్తుంది. కళ్ళలోకి చూస్తే బెదిరిపోతారు. మీదికి వంగి పలకరించకూడదు. తమంతట తామే దగ్గరికి రావాలి."

"ఎవరు?"

ఆయన సేనాపతి వైపు చూశారు. సేనాపతి గోడ వైపు చూశాడు.

"అంటే నన్ను కుక్కని చూసినట్టు చూశారా?"

"ఛఛ! కుక్క ఏమిటమ్మా!" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "సేనాపతిని చూసినట్టు చూశాను."

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"వచ్చిన రోజు నీ చేతులు వణుకుతున్నాయి. మంచినీళ్ళు కావాలా అంటే కసురుకున్నావు. వీడూ అంతే. పాత ఇంటివాళ్ళు వదిలేస్తే వచ్చాడు. మంచం కింద దూరి, చెయ్యి పెడితే కరిచేవాడు. అందరూ పొగరన్నారు. పొగరు కాదమ్మా, భయం. నేను నేల మీద కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. ఒకరోజు వాడే వచ్చి ఒళ్ళో పడుకున్నాడు. నాకు ఇంకో పద్ధతి చేతకాదు తల్లీ."

ఇన్నాళ్ళూ ఈ పెద్దాయన తనకోసం మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చున్నారని తెలిసి కోడలి మనసు కరిగిపోయింది. వెళ్ళి ఆయన పక్కనే కూర్చుంది.

"నేనూ కరిచానా మామయ్యగారూ?"

"మొదట్లో. కొంచెం."

ఆమె పకపకా నవ్వింది. ఇంతలో మొగుడు తల తుడుచుకుంటూ వచ్చాడు.

"పద, ఆ ఇల్లు చూసొద్దాం. ఇంటాయన ఎదురుచూస్తుంటాడు."

"నేను రాను."

"అదేంటి? నువ్వే కదా గొడవ చేశావు!"

"ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నాను. చిన్న ప్రాణాన్ని, చోటు మారిస్తే బెంగపెట్టుకుని తిండి మానేస్తాను" అంది కోడలు.