కొండ ఎగిరినా మగ్గం ఆగలేదు

హిందూపురంలో ఆ సినిమా చూసిన మర్నాడు ధర్మవరం రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పెనుకొండ దగ్గర కోట కొండ కనిపించగానే ఒళ్లు జలదరించింది. తెర మీద కొండలాగే ఇదీ లేచి మబ్బుల్లోకి పోతే! పొద్దున డైరీలో రెండు పేజీలు నింపినా నా ఉత్సాహం తీరలేదు.

భయమూ ఉంది. ధర్మవరంలో మా పెద్దమ్మ, పెద్దనాయన పట్టుచీరలు నేస్తారు. పెళ్లి చీరల పని ఉంటే థియేటరుకు రాలేరు. అందుకని చూసొచ్చినవాళ్లు మగ్గం పక్కన కూర్చుని కథంతా చెప్పాలి. అది ఆ ఇంటి పద్ధతి. కథ పట్టుకుంటే పెద్దమ్మ పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపి వింటుంది, లేకపోతే నేస్తూనే ఉంటుంది. ఎప్పుడూ చెప్పే మా అన్న ఈసారి రాలేదు. నలుగురిలో నోరు విప్పని నేను చెప్పాలి. ఒక్కసారైనా ఆ మగ్గం నా కోసం ఆగాలని ఎంత కోరికో!

ఇల్లు చేరి పెద్దమ్మ మగ్గం పక్కన కూర్చుని, రెక్కలు విప్పితే ఊరంతా చీకటయ్యే పక్షి గురించి చెప్పాను. నిప్పుల నది గురించి చెప్పాను. కొండ ఎగరడం చేతులెత్తి మరీ చూపించాను. మగ్గం టకటకలాడుతూనే ఉంది.

"కొండ ఎగిరిపాయ, సరే. దాని మింద ఎవురుండారు మే?" అంది పెద్దమ్మ.

"ఎవురూ ల్యారు పెద్దమ్మా."

"ఎవురూ ల్యాకపోతే అది ఎగిరితే నాకేమి, పడితే నాకేమి?"

రెండో మగ్గం మీద పెద్దనాయన నవ్వాడు. "వీళ్లన్న అయింటే ఈపాటికి రెండు ఫైట్లు చేసి చూపిచ్చుండు."

ముఖం వేడెక్కింది. ఆ వేడిలోనే గుర్తొచ్చింది.

"ఉండారు! హీరోయిన్ నాయన ఉండాడు!" అని దాదాపు అరిచాను.

సినిమా మొదట్లో, యుద్ధానికి పోయేముందు, ఆ అమ్మాయి చూపు లేని తండ్రి కోసం ఇంటి గడప నుంచి బావి దాకా తాడు కడుతుంది, పట్టుకుని నడవమని. తెర మీద అది రెప్పపాటే. ఇల్లు కొండ అంచున, బావి దిగువన.

"కొండ లేసేటప్పుడు ఆయప్ప తాడు పట్టుకోని నీళ్లకి పోతాండాడు. ఇల్లు పైకి పోతాంది, బావి కిందనే ఉండాది. తాడు బిగుసుకుంటాంది..."

మగ్గాలు రెండూ ఆగిపోయాయి. పెద్దమ్మ చేతిలో నాడె కదలడం లేదు.

"తెగిపాయనా?"

సినిమాలో అది చూపించనే లేదు. ఆ తాడు సంగతి వాళ్లు మళ్లీ ఎత్తలేదు. అందరితో పాటు నేనూ కొండనే చూస్తూ ఆ ముసలాయన్ను మర్చిపోయాను.

"చెప్పు మే, ఊపిరాడల్యా!"

"తెగల్యా" అన్నాను. అక్కణ్ణుంచి చెప్పిందంతా నేను కల్పించిందే. మాటలు ఎక్కడా తడబడలేదు.

మొన్న ఆ సినిమా టీవీలో వచ్చింది. దొరికిపోయాననుకుంటూ ఫోనెత్తాను.

"నువ్వు చెప్పిండేది ఇది కాదు మే," అంది పెద్దమ్మ. "దీంట్లో ఆ ముసలాయప్ప ఏమాయనో చూపీనే ల్యా. నువ్వు చెప్పిండే సినిమా యాడ ఆడతాందో కనుక్కో. మగ్గం మింద చీర దించినాక మీ పెద్దనాయన్ని పిల్చుకోని పోతా."