దూలం కింద పడవ

మేం సూరత్‌లో దిగేసరికి ఉదయం ఆరున్నర. వాన పడుతూనే ఉంది. నవాగామ్‌లో ఒక కల్యాణ మండపం మాకు మకాం. సైన్యపు ఇంజనీర్ల దళంలో ఒక సెక్షన్, రెండు రబ్బరు పడవలు, తాళ్లు, జాకీలు. టీ గొంతు దిగకముందే ఉత్తర్వు వచ్చింది. జోల్వా దగ్గర ఖాడీ, అంటే అక్కడి వాగు, పొంగింది. ఒక మరమగ్గాల షెడ్డులో అటక మీద పదకొండు మంది చిక్కుకున్నారు.

నేను అప్పుడు నాయక్‌ని. చిక్కుకున్నవాళ్లు జగిత్యాల వైపు నేతగాళ్లని తెలిసి, సుబేదార్ సాబ్ నన్ను తన పడవలోకి రమ్మన్నారు. ఆయన గఢ్వాలీ, తెలుగు రాదు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

షట్టర్‌లోంచి తెడ్లతో లోపలికి వెళ్లాం. గుండెలోతు నీరు. కరెంటు తీసేశారు. పైన చెక్క పలకల అటక, దాని కింద ఉక్కు దూలాలు. వాటిని చూస్తే ముచ్చటేసింది. దూలానికి పైనా కిందా మందపు పట్టీలు. మధ్యలో నిలువు రేకు మాత్రం సాపుగా లేదు, ఇంటికప్పు రేకులా మడతలు మడతలుగా ఉంది. మందం చూస్తే నవ్వొస్తుంది. సాపు రేకైతే అంత బరువుకి ఎప్పుడో ఏటవాలుగా నలిగిపోయేది. మడత పెట్టగానే దానికి వెన్నెముక వచ్చినట్టే. ఆ ఉపాయం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ చల్లగా ఉండాలి.

అయితే స్తంభం పక్కన ఒక మడతలో సొట్ట పడింది. కారణం పైనే ఉంది. నీళ్లొస్తున్నాయని నేతగాళ్లు తాకాలన్నీ, అంటే నేసిన బట్టల తానులన్నీ, పైకి చేర్చారు. స్తంభం పక్కనైతే గట్టిగా ఉంటుందని అక్కడే పేర్చారు. రేకును కత్తిరించేలా తోసే బలం ఎక్కువగా ఉండేదీ స్తంభం పక్కనే. పైగా దిగే మెట్లు ఆ మూలనే. మిగతా వైపులన్నీ ఇనుప జాలీ. మా జాకీలు ఆ ఎత్తుకు అందవు.

“సొట్ట ఒక్క మడతలో ఉన్నంతసేపు పరవాలేదు. పక్క మడతలోకి పాకితే చెప్పాపెట్టకుండా కూలుతుంది. నువ్వు దాని మీంచి కన్ను తియ్యకు” అన్నారు సాబ్. ముందు తాకాలు నీళ్లలోకి తోసెయ్యమన్నారు. నేను తెలుగులో కేకేసి చెప్పాను.

“గివి మేం నేసినయే సారూ! నీళ్లల ఎట్ల ఏస్తం?” అన్నాడొక పడుచువాడు.

“మల్ల నేస్కుందాం తియ్యి. పాణం నేస్తవా?” అంటూ మొదటి తాకాను తోసింది రాజేశం. అందరిలోకీ పెద్దవాడు. నెరిసిన గడ్డం, మోకాలిదాకా ఎగ్గట్టిన లుంగీ.

తాకాలు పోయాయి. కానీ దూలం కిర్రుమనగానే ఎవరూ అడుగు వెయ్యలేదు.

మా పటాలంలో ఒక ఆనవాయితీ ఉంది. వంతెన మీద మొదటి బండి పోయేటప్పుడు, కట్టినవాడు దాని కింద నిలబడాలి. ఈ దూలం సాబ్ కట్టింది కాదు. దాని మీంచి నడవొచ్చని చెప్పింది మాత్రం ఆయనే. పడవను సరిగ్గా సొట్ట కిందికి నడిపించి ఆపారు. “నేను ఇక్కడే ఉంటానని చెప్పు. ఒక్కొక్కరే రమ్మను.”

చెప్పాను. వచ్చారు. ఒకరి వెనక ఒకరు, పిల్లి అడుగులతో, మెట్ల దగ్గరున్న రెండో పడవలోకి. పది మంది దిగారు. అప్పుడు డప్పు మీద దెబ్బ పడ్డట్టు చప్పుడు. సొట్ట పక్క మడతలోకి పాకింది.

పైన రాజేశం ఒక్కడే మిగిలాడు. ఆగిపోయాడు.

“పెద్దాయనా, ఆగొద్దు, నడువు!” అని అరిచాను.

“మీ సార్‌ను కిందికెల్లి జరుగుమను బిడ్డా. గప్పుడు అడుగేస్త.”

సాబ్‌కి చెప్పాను. “నేను జరగనని చెప్పు” అన్నారు.

“గట్లయితే నేను గూడ కదల. నా పాణానికి ఆయన పాణం జామీనా ఏంది?”

ఆ మాట హిందీలో చెప్పాను. సాబ్ పైకి చూశారు. పై అధికారుల ముందు కూడా ఆయన అంత తొందరగా తగ్గడం నేను చూడలేదు. “పడవ వెనక్కి” అన్నారు, మెల్లగా.

దూలం నిలిచింది. రాజేశం దిగాడు. సాబ్ లేచి ఆయనకు సెల్యూట్ చేశారు. ఆయన కంగారుపడి రెండు చేతులూ జోడించాడు.

నీరు తీశాక తిరుగు రైలెక్కాం. ఇప్పుడు పింఛను తీసుకుంటూ గిద్దలూరులో ఉన్నాను. యుద్ధం చూశావా అని అడుగుతారు జనం. లేదంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది. నాకు మాత్రం కళ్లు మూస్తే ఒకటే కనబడుతుంది. దూలం కింద ఖాళీ నీళ్లు. పైన, పలకల సందులోంచి ఆ పెద్దాయన వంగి చూస్తున్నాడు. కింద ఎవరూ లేరని రూఢి చేసుకుని, పాదం ఎత్తాడు.